మా తమ్ముడికి 18 నిండాయి... బ్యాంకులో సంతకం అడిగారు!

‘‘అబ్బాయి సంతకం పెడతాడా అమ్మా?’’

2025 జులైలో ఓ సోమవారం పొద్దున బ్యాంకులో మా అమ్మని అడిగిన ప్రశ్న ఇది. అడిగినాయన మంచాయనే. మమ్మల్ని లైన్లో నిలబెట్టకుండా లోపలికి పిలిచాడు, కుర్చీలు వేయించాడు. ఈలోపు మా తమ్ముడు ఆయన వెనకున్న ఫ్యాన్ స్విచ్ మూడుసార్లు ఆపి, మూడుసార్లు వేశాడు. ఆయన ఏమీ అనలేదు.

తమ్ముడికి ఆ నెలలోనే 18 నిండాయి. నాన్న గార్డియన్‌గా చిన్నప్పుడు తీసిన మైనర్ అకౌంట్ అది. భవిత కేంద్రం తరఫున పడిన అలవెన్సులు, నా మొదటి జీతం నుంచి వేసిన డబ్బులు అన్నీ కలిపి పదిహేడు వేల చిల్లర ఉంది. 18 నిండాయి కాబట్టి ఇక నాన్న సంతకం చెల్లదు. ఖాతా వాడిది, సంతకం వాడిదే కావాలి. వాడేమో పెన్ను ఇస్తే దాని మూత తీసి పెట్టడం తప్ప ఇంకేం చేయడు.

‘‘అయితే లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ తీసుకురండి.’’

‘‘నేను వాళ్లమ్మని సార్’’ అంది అమ్మ.

‘‘మీరే అమ్మండీ. కాదనట్లేదు. కానీ కాగితం కావాలి.’’

బయటికొచ్చాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండ్‌లో టీ తాగుతూ ఒక్క మాట అంది. ‘‘పద్దెనిమిదేళ్లు పెంచితే, పద్దెనిమిదో ఏట నేను వాడికి ఏమీ కాకుండా పోయినానే!’’

నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్ చేస్తాను. కావలి పక్కన పల్లె మాది. నాన్న రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తాడు. ఇంట్లో ఆటిజం ఉన్న తమ్ముడు ఉన్నాడని ఆఫీసులో చెప్తే చాలామంది ‘‘సో శాడ్’’ అంటారు. కొందరు హిందీ సినిమా పేరు చెప్తారు. ‘‘గవర్నమెంట్ నుంచి ఏమైనా హెల్ప్ వస్తుందా?’’ అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఏం చెప్పాలో ఆ రోజు వరకూ నాకూ సరిగ్గా తెలియదు. ఆ కాగితం కోసం తిరిగిన నెలల్లో తెలిసింది. సర్వీసులు ఉన్నాయి, మేం అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. కాకపోతే ఒక్కోటి ఒక్కో ఆఫీసులో ఉంది, ఒక ఆఫీసుకు రెండో ఆఫీసు సంగతి తెలియదు.

అన్నీ వచ్చాయి, వాడి వయసు దాటాక

తమ్ముడు 2007లో పుట్టాడు. రెండేళ్లు దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. కావాల్సింది వేలితో చూపించేవాడు కాదు, మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి దాని మీద పెట్టేవాడు. ‘అత్త’, ‘తాత’ అని అంతకుముందు అన్న రెండు మాటలూ ఎక్కడికో పోయాయి. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయి. మా తాత కూడా ఐదేళ్లకు మాట్లాడాడట! (ఇంటింటికీ ఇలాంటి తాత ఒకడుంటాడు, గమనించారా?)

‘ఆటిజం’ అనే మాట మేం విన్నది 2011లో, వాడి నాలుగో ఏట, ఓ ప్రైవేటు డాక్టర్ నోట. ఆయన స్పీచ్ థెరపీ రాశాడు. సిటీలో సెషన్‌కు మూడొందలు, వారానికి మూడు. ఛార్జీలతో కలిపి లెక్కేస్తే అప్పటి నాన్న సంపాదనలో సగం దాటింది. నాలుగు నెలలు తిప్పి మానేశాం.

ఇప్పుడు తేదీలు చూడండి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి డాక్టర్ల టీమ్ వచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కేంద్రం మొదలుపెట్టింది 2013 ఫిబ్రవరిలో. అనుమానం ఉన్న పిల్లల్ని ఆ టీమ్ జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. అక్కడ పిల్లల డాక్టర్, సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, ఫిజియోథెరపిస్ట్ అందరూ ఒకే చోట ఉండాలన్నది ప్లాన్. మంచి ప్లానే. కానీ అది మొదలయ్యేసరికి మావాడికి ఐదున్నరేళ్లు.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. అందులో ఆటిజం లేదు. అందుకే మావాడి మొదటి సదరం సర్టిఫికెట్‌లో మానసిక వైకల్యం అని రాశారు. 2016లో కొత్త చట్టం వచ్చాక లిస్టు 21కి పెరిగింది, ఆటిజానికి సొంత గడి దొరికింది. అది అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అప్పటికి వాడికి తొమ్మిది దాటి పదో ఏడు నడుస్తోంది.

ఇక నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజనల్ సెంటర్, అందరూ సీఆర్‌సీ అంటారు. 2021 జూన్‌లో దేశం మొత్తమ్మీద 14 చోట్ల ఆరేళ్లలోపు పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు మొదలుపెడితే, ఆ పద్నాలుగింటిలో నెల్లూరు ఒకటి, సికింద్రాబాద్ ఇంకోటి. మా ఊరి నుంచి గంటన్నర బస్సు ప్రయాణం. వాడికి అప్పుడు పద్నాలుగేళ్లు నిండబోతున్నాయి!

ఎవర్నీ తిట్టడానికి చెప్పట్లేదు ఇది. ఏ సర్వీసైనా ఎప్పుడో ఒకప్పుడు మొదలవ్వాలి. కాకపోతే, మెదడు వేగంగా ఎదిగే మొదటి ఐదారేళ్లలో పిల్లలతో చేసే పనికి ఫలితం ఎక్కువ అని ప్రతి డాక్టరూ చెప్తాడు. మావాడి విషయంలో ఆ ఐదారేళ్లూ మొక్కుబడుల్లో, దిష్టి తీయడంలో, అప్పుల్లో గడిచిపోయాయి.

భవితలో ఒక గది

అయినా వాడికి దక్కిన మంచి కూడా చెప్పాలి. దాని పేరు భవిత.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఐఈఆర్పీలు అనే స్పెషల్ టీచర్లు అక్కడ పనిచేస్తారు. మా మండలంలో హైస్కూల్ ఆవరణలోనే ఓ గది. గోడల మీద కూరగాయల బొమ్మలు, మూలన ఫిజియోథెరపీ కోసం ఓ పెద్ద బంతి, ఒక సమాంతర కడ్డీల స్టాండు. వారానికోసారి ఫిజియోథెరపిస్ట్ వచ్చేవారు. సెంటర్‌కి రాలేని పిల్లల ఇళ్లకు టీచరే వెళ్లేవారు.

అమ్మ వాణ్ణి రోజూ ఆటోలో తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా ఆ గది బయట అరుగు మీద కూర్చునేది. తోడు వచ్చినందుకు ఎస్కార్ట్ అలవెన్స్ అని కొంత, రవాణాకు కొంత పడేది. ఆటో ఖర్చుకు అది చాలదు. కానీ ‘నువ్వు కూర్చున్నదానికి కూడా గవర్నమెంటు లెక్క కట్టింది’ అని నాన్న ఏడిపిస్తే అమ్మ నవ్వేది.

ఆ టీచరమ్మ దగ్గర వాడు ఏడాదిన్నర పట్టి ఒక మాట నేర్చుకున్నాడు. ‘వద్దు’. మీకు చిన్న విషయంగా అనిపించొచ్చు. అంతకుముందు ఏదైనా ఇష్టం లేకపోతే తల గోడకేసి కొట్టుకునేవాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని నేల మీద దొర్లేవాడు. ఏడేళ్ల వయసులో ఓ రోజు కుక్కర్ విజిల్ వేయగానే వంటింటి గుమ్మంలో నిలబడి ‘వద్దు’ అన్నాడు. అమ్మ స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ రోజు మేం సగం ఉడికిన పప్పు తిన్నాం.

ఆ టీచరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. మూడేళ్లలో రెండుసార్లు జీతాల కోసం ధర్నాకు వెళ్లి వచ్చారు. ఆ రోజుల్లో సెంటర్‌కి తాళం. తాళం చూసి మావాడు గేటు దగ్గరే గంటసేపు నిలబడేవాడు, కదిలేవాడు కాదు.

2013 వేసవిలో ఆమే మమ్మల్ని సికింద్రాబాద్ పంపారు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్, 2016 నుంచి పేరు నీపిడ్. దూరం నుంచి వచ్చే కుటుంబాలు ఉండటానికి అక్కడే కాటేజీలున్నాయి. వారం ఉన్నాం. వాళ్లు వాడికి ఏం చేశారనే దానికంటే అమ్మకి ఏం నేర్పారనేది నాకు బాగా గుర్తు. పళ్లు తోమడాన్ని తొమ్మిది మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ వాడితో చేయించడం. పొద్దున్నుంచి రాత్రి దాకా చేయాల్సిన పనుల బొమ్మలు వరుసగా గోడకి అంటించడం. ఆ బొమ్మల చార్టు పన్నెండేళ్ల తర్వాత కూడా మా ఇంట్లో ఉంది, మూడుసార్లు లామినేషన్ మార్చాం.

ఎక్కువ మార్కులు రావాలా, తక్కువా?

2019లో వాడికి ఆటిజం పేరుతో కొత్త సర్టిఫికెట్ కోసం వెళ్లాం. ఏ ఆస్పత్రో చెప్పను. స్లాట్ పొద్దున 9 గంటలకి. పిలిచింది మధ్యాహ్నం 2 దాటాక. కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు అందరూ ఒకే వరండాలో. జనం, శబ్దం, ట్యూబ్‌లైట్ మినుకుమినుకు... ఆటిజం ఉన్నవాళ్లకు పడనివన్నీ కలిపి ఒకచోట పెట్టినట్టుంది. మావాడు మూడోగంటకి షర్ట్ చించేసుకున్నాడు. ఎవరో వీడియో తీస్తుంటే నేను ఫోన్ లాక్కున్నాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, చేతులు వణికాయి. ఇప్పటికీ నాకు కోపం తగ్గలేదు.

లోపల పరీక్ష పేరు ఇసా. మన సికింద్రాబాద్ సంస్థలోనే తయారైన స్కేల్. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 పాయింట్లు. కళ్లలోకి చూస్తాడా, మాట తిరిగి అంటాడా, నొప్పి తెలుస్తుందా ఇలాంటివి. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు. ఎక్కువైన కొద్దీ తీవ్రత ఎక్కువ. కనీసం 40 శాతం వైకల్యం ఉంటేనే పథకాలన్నీ వర్తిస్తాయి.

అమ్మ ఆ రోజు నన్ను పక్కకి పిలిచి అడిగింది. ‘‘వాడికి ఎక్కువ రావాలని దేవుడికి మొక్కుకోవాలా, తక్కువ రావాలనా?’’ లోపల డాక్టర్ అడిగినప్పుడు, వాడు కొత్తగా నేర్చుకున్నవి చెప్పాలా వద్దా అని ఆమె బాధ. వాడు సొంతంగా అన్నం తింటాడని గొప్పగా చెప్పుకునే తల్లి, ఆ ఒక్క పూటా ఆ మాట మింగాలేమో అని భయపడింది. చివరికి చెప్పింది. సర్టిఫికెట్ వచ్చింది లెండి.

ఆ సర్టిఫికెట్ వల్ల పింఛను కొనసాగింది. ఇప్పుడు ఆంధ్రాలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, తెలంగాణలో 4,016. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఇంటికొస్తాడు. మావాడికి ఆ వేలిముద్ర మిషన్ మీద లైటంటే ఇష్టం. వేలు పెట్టి, లైటు వెలిగాక తీయడు. పాపం ఆ ఉద్యోగి ఇంకో ముప్పై ఇళ్లు తిరగాలి.

ఇన్సూరెన్స్ సంగతి మాత్రం మేం చేజేతులా పోగొట్టుకున్నాం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం వచ్చింది. ఆ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’లో ఏడాదికి లక్ష రూపాయల దాకా కవర్ ఉంటుంది. ముందస్తు వైద్య పరీక్షల్లేవు. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఆస్పత్రిలో చేరకపోయినా థెరపీ ఖర్చులకు కూడా కొంత పరిమితి మేరకు వర్తిస్తుంది. బిల్లులు పెడితే డబ్బు తిరిగొస్తుంది. 2019లో చేర్పించాం. ఏటా రెన్యూవల్ చేయాలని తెలియదు. ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. మెసేజ్ వచ్చిందేమో, అది నాన్న పాత నంబరు. అలా ఐదేళ్లు పోయాయి.

ఫ్రీమాంట్ నుంచి ఓ వీడియో కాల్

గార్డియన్ కాగితం గొడవ నడుస్తుండగా ఓ రాత్రి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అక్క కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. వాళ్ల చిన్నబాబుకీ ఆటిజం. ఇద్దరం ఒకే విషయం మాట్లాడుకుంటున్నా, రెండు వేర్వేరు లోకాల గురించి మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

కాలిఫోర్నియాలో 1969లో ల్యాంటర్మన్ చట్టం అని ఒకటి వచ్చింది. దాని కింద రాష్ట్రమంతా 21 రీజనల్ సెంటర్లున్నాయి. లాభాపేక్ష లేని సంస్థలే, కానీ డబ్బు ప్రభుత్వానిది. మీరు ఏ ప్రాంతంలో ఉంటే ఆ సెంటర్ మీది. సిటిజనా, వీసా మీద వచ్చారా అన్నది అడ్డు కాదు. మూడేళ్లలోపు పిల్లలకి ‘ఎర్లీ స్టార్ట్’, ఆ తర్వాత అర్హత ఉంటే జీవితాంతం. పద్దెనిమిదికి ఆగదు.

‘‘అన్నింటికంటే పెద్ద విషయం చెప్పనా? మాకు ఒక మనిషి ఉందే’’ అంది అక్క. సర్వీస్ కోఆర్డినేటర్. బాబుకి ఏం కావాలి, ఎవరిస్తారు, ఎప్పటికి... ఇదంతా కూర్చుని ఒక ప్లాన్‌గా రాస్తుంది. తల్లిదండ్రులు ఊపిరి తీసుకోవడానికి నెలకు కొన్ని గంటలు వేరే మనిషి వచ్చి పిల్లాణ్ణి చూసుకునే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది. అక్క, బావ ఆ గంటల్లో సినిమాకి వెళ్తారట.

మా అమ్మ పన్నెండేళ్లుగా ఏ పెళ్లికీ రెండు గంటలకు మించి ఉండలేదు. ఆ మాట నేను అక్కతో అనలేదు.

అక్కడంతా స్వర్గమని కాదు. ఆ మనిషి చేతిలో బోలెడు కుటుంబాలు, ఫోన్ చేస్తే తిరిగి చేయడానికి రోజులు పడుతుంది, మనిషి మారినప్పుడల్లా కథ మొదట్నుంచీ చెప్పాలి అని అక్కే విసుక్కుంది. అయినా నాకు ఆ ఒక్క పదం పట్టుకుంది. కోఆర్డినేటర్. మా దగ్గరా ఒకరున్నారు, మా అమ్మ! జీతం లేదు, చదివింది ఎనిమిదో తరగతి. ఆమె ఆఫీసు ఓ నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు. పరీక్షల విషయం ఆరోగ్య శాఖ, బడి విషయం విద్యా శాఖ, పింఛను సచివాలయం, ఇన్సూరెన్స్ ఢిల్లీలోని ట్రస్ట్, గార్డియన్ కాగితం కలెక్టరేట్. అందరికీ అవే ఆధార్ జిరాక్స్‌లు, అవే ఫొటోలు. వాడికి ఫ్లాష్ పడదు కాబట్టి కొత్త ఫొటో అంటే ఒక రోజు పని. అందుకే ఆ ఫైల్లో ఎప్పుడూ ముప్పై పాస్‌పోర్ట్ ఫొటోలు ఉంటాయి.

మన జిల్లాల్లో కొత్త బిల్డింగులు, కొత్త పథకాల పేర్లు అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక పిల్లాడికి ఆటిజం అని తేలిన రోజు నుంచి, ఇక్కడైపోయింది, రేపు అక్కడికెళ్లండి, నేను వాళ్లకి ఫోన్ చేశాను అని చెప్పే ఒక ఉద్యోగి చాలు. ఆ మనిషి లేని చోట్లోకి ఎవరు వస్తారో కూడా చూశాం. 2023లో ఓ క్లినిక్ వాళ్లు స్టెమ్‌సెల్స్‌తో ఆటిజం పోగొడతామని నాన్నకు చెప్పి లక్షల్లో ఎస్టిమేషన్ ఇచ్చారు. నాన్న మూడు సెంట్ల స్థలం బేరం పెట్టేశాడు. 2022 డిసెంబర్‌లోనే నేషనల్ మెడికల్ కమిషన్ ఆటిజానికి ఈ చికిత్సని సిఫార్సు చేయడం లేదని, అలా చేయడం వృత్తిపరమైన తప్పిదమని చెప్పింది. అది నేను ఆఫీసు క్యాబ్‌లో ఫోన్లో చదివి, అక్కడ్నుంచే నాన్నకి కాల్ చేశాను. స్థలం మిగిలింది.

కలెక్టరేట్‌లో అమ్మ పరీక్ష

లీగల్ గార్డియన్ అంటే కోర్టు, లాయరు అని భయపడ్డాం. అవసరం లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకూ లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. కలెక్టరు, ట్రస్ట్‌లో రిజిస్టరైన ఓ సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు సభ్యులు. తల్లిదండ్రులైనా, తోబుట్టువులైనా, బంధువులైనా దరఖాస్తు పెట్టొచ్చు. వైకల్య సర్టిఫికెట్, ఆధార్‌లు, గార్డియన్‌గా ఉండేవాళ్ల అంగీకారం కావాలి. కమిటీ వాళ్లు మనిషిని చూసి, మాట్లాడి నిర్ణయిస్తారు.

చదువుతుంటే ఒక సెక్షన్ దగ్గర నవ్వొచ్చింది. గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో ఆ మనిషి ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపించాలి. ‘‘అమ్మా, వాడి పదిహేడు వేలకి నువ్వు కలెక్టర్‌కి లెక్క చెప్పాలంట’’ అన్నాను. అమ్మకి నవ్వు రాలేదు. ‘‘చెప్తాలే. రేపు నేను పోయినాక వాడి స్థలం ఎవురూ తినకుండా ఉండాలంటే లెక్కలుండాల్సిందే’’ అంది. నిజమే కదా, ఆ సెక్షన్ ఉన్నది అందుకే.

ఫారంలో గార్డియన్ పేరు రాయాల్సిన చోట గొడవ మొదలైంది. నా పేరు రాయమన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ‘‘నీకు సంబంధాలు చూస్తున్నాం. ఈ కాగితం మీద నీ పేరుందని తెలిస్తే వాళ్లేమనుకుంటారు?’’

‘‘ఏమనుకోవాలో అది ముందే అనుకుంటే మంచిది కదా నాన్నా!’’

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి అమ్మ తేల్చింది. ఇప్పటికి అమ్మానాన్నల పేర్లే. వాళ్లిద్దరికీ ఓపిక తగ్గినప్పుడు నేను మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు ఆ నిర్ణయం పూర్తిగా నచ్చలేదు. అయినా అమ్మ ముఖం చూసి ఊరుకున్నాను. వాడి మీద తన హక్కు కాగితం మీద ఒకసారి చూసుకోవాలని ఆమెకి ఉన్నట్టుంది.

నవంబర్లో పిలుపొచ్చింది. ‘వీడికి ఏం ఇష్టం?’ అని అడిగారట లోపల. అమ్మ పావుగంట చెప్పిందట. నాన్న మోచేత్తో పొడిచాక ఆపిందట. సర్టిఫికెట్ జనవరిలో చేతికొచ్చింది. బ్యాంకాయన అదే కుర్చీ వేశాడు, ఈసారి ఫ్యాన్ స్విచ్ దగ్గర కూర్చున్నాడు.

పద్దెనిమిది తర్వాత రోజంతా వాడు ఎక్కడుండాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. బడి హక్కు 6 నుంచి 18 ఏళ్ల దాకే. భవిత కూడా దాంతో అయిపోయింది. నేషనల్ ట్రస్ట్‌కి పదేళ్లు దాటినవాళ్ల కోసం ‘వికాస్’ డే కేర్, జీవితాంతం ఉండే ‘ఘరోందా’ లాంటి పథకాలున్నాయి. అవి నడిపే సంస్థలు తక్కువ, మా దరిదాపుల్లో మాకు దొరకలేదు. ప్రస్తుతానికి వాడు పొద్దున చార్టు చూసి పనులు చేసుకుంటాడు. మా పెద్దమ్మ టైలరింగ్ షాపులో గుండీలు రంగులవారీగా డబ్బాల్లో వేస్తాడు. రెండు గంటలు. ఆ తర్వాత ‘వద్దు’ అంటాడు, ఇంటికి తీసుకొస్తాం.

ఆ పెద్దమ్మ మనవడే మా కథలో కొత్తగా వచ్చినవాడు. రెండేళ్ల నాలుగు నెలలు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. పిలిస్తే తిరగట్లేదు. బొమ్మకారు తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. నా గుండె ఆగినంత పనైంది. వదినతో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పెద్దమ్మ వినగానే ‘‘నోరు మూసుకోవే, మగపిల్లలకు మాటలు లేటుగానే వస్తాయి. మీ తాత ఐదేళ్లకి...’’ అంది.

అదే తాత.

వదిన మాత్రం ఆ రాత్రి ఫోన్ చేసింది. అన్నయ్యకి తెలియకుండా, దొడ్లోంచి. ‘‘నాకూ అనుమానంగానే ఉందమ్మా. ఎవురికి చెప్పాలో తెలియక...’’ ఏది ఏమైనా చూపించుకుంటే పోయేదేం లేదు, ఆటిజం కాకపోతే సంతోషం, అయితే ఇప్పుడు నెల్లూరులోనే ఉంది సెంటర్ అని చెప్పాను. చెవులు వినిపిస్తున్నాయో లేదో కూడా ముందు చూడాలి. అంగన్‌వాడీ టీచరమ్మని అడిగితే ఆర్‌బీఎస్‌కే వాళ్లు ఎప్పుడొస్తారో చెప్తుంది. కానీ నేనైతే ఆగను, నేరుగా సీఆర్‌సీకి తీసుకెళ్తాను అన్నాను. నేనొక రోజు లీవు పెట్టాను.

వెళ్లే ముందు రోజు వదిన బాబుని ఎత్తుకుని మా ఇంటికొచ్చింది. అమ్మ అప్పటికే కొత్త ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొని పెట్టింది. ఈసారి ఆకుపచ్చది.

‘‘ఆధార్ జిరాక్స్ పది తీయించు. టీకాల కార్డు ఇందులో పెట్టు. ఫొటోలు ఇప్పుడే తీయించెయ్, పెద్దోడైతే కూర్చోడు’’ అంటూ ఒక్కో అర చూపిస్తోంది. ‘‘రేపు వాళ్లు ఏదైనా ఇంగ్లీషు మాట చెప్తే తెలుగులో మళ్లీ చెప్పమని అడుగు, సిగ్గుపడొద్దు. ఎన్ని మెట్లుగా చేయించాలో రాయించుకో. నిరామయ ఫారం ఉంటే ఇప్పుడే అడుగు. రెన్యూవల్ ఎప్పుడో క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టెయ్.’’

వదిన తలూపుతోంది. బాబు తలెత్తి తిరుగుతున్న ఫ్యాన్ వంక చూస్తున్నాడు. మావాడు వాణ్ణి కాసేపు చూశాడు. లేచి వెళ్లి స్విచ్ ఆపాడు. మళ్లీ వేశాడు.